ఇంటి తుపాకి ఎవరి పేరున?

మా పక్క పల్లెల్లో తుపాకి ఉన్న ఇల్లేదని అడిగితే చిన్నపిల్లలు కూడా దారి చూపిస్తారు. ఆ తుపాకి ఎవరిదని అడిగితే మాత్రం ఒక మగపేరే చెప్తారు. మొదట తాతది, తర్వాత నాయనది, ఆ తర్వాత పెద్దకొడుకుది. లైసెన్సు పుస్తకంలో ఫొటో ఎవరిదో తుపాకి వాళ్లది. ఆ ఇంటి ఆడవాళ్లు దాన్ని తుడిచారు, దాచారు, పిల్లల చేతికి అందకుండా కాపలా కాశారు. పుస్తకంలో మాత్రం వాళ్ల పేరుండదు. రెండు వందల ఏళ్లలో ఈ సీమలో తుపాకులు మారాయి, చట్టాలు మారాయి, ఏలినవాళ్లు మారారు. ఈ ఒక్క సంగతి మారలేదు.

నాకీ పాత లెక్కలు తవ్వే పని పెట్టింది మా ఆయన. మేముండేది దామలచెరువు దగ్గర మామిడితోటలో. నేను హైస్కూల్లో సోషల్ పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. పిల్లలు ఎగిరిపోయారు. ఆయన వేలూరు ఆస్పత్రికి పోయినా, బెంగళూరికి పోయినా తోటింట్లో నేనొక్కదాన్నే. ఒకనాడు కాఫీ తాగుతూ, "ఏం మే, నీకొక చిన్న తుపాకి తీసుకుందామా? హ్యాండ్‌బ్యాగులో పట్టేది" అన్నారు. వాళ్ల నాయన ఇచ్చిపోయిన జోడు గొట్టాల తుపాకి బీరువాలో ఉండనే ఉంది. అది ఆయన పేరు మీదిది, పైగా బరువు. నేను ట్రిగ్గర్ మీద వేలు పెట్టింది తిరుపతిలో చదువుకునేటప్పుడు ఎన్‌సీసీలో, అదీ .22 రైఫిల్ మీద. ఆయన ఫోనులో రివాల్వర్ల బొమ్మలు ఒక్కొక్కటే తిప్పుతూ ఏది బాగుందో చెప్పమన్నారు. పాఠాలు చెప్పిన బుద్ధి ఎక్కడికి పోతుంది? బొమ్మలు పక్కన పెట్టి పుస్తకాలు తీశాను.

మేముండే చోటు ఒకప్పుడు పాలెగాళ్ల నేల. కల్లూరు, పులిచెర్ల, పాకాల, మొగరాల, బంగారి, నరగంటి - ఇవన్నీ చిత్తూరు పాలేలు. గట్టు మీదో గట్టు కిందో ఒక కోట, కోటలో పాలెగాడు, చుట్టూ ఊళ్లకు అతని కావలి. దేశకావలి పేరున ఊళ్ల నుంచి రుసుం వచ్చేది. దానికి బదులుగా దొంగల్ని ఆపడం, బాటల్ని కాయడం అతని పని. ఆ పనికి బంట్లుండేవాళ్లు. ఈటెలు, కత్తులతో పాటు ఒత్తి తుపాకులు వాళ్ల ఆయుధాలు. 18వ శతాబ్దం చివరి యాభై ఏళ్లలో నవాబు సైన్యం, మైసూరు సైన్యం, కంపెనీ సైన్యం ఈ దారుల్లోనే వచ్చాయి, పోయాయి. హైదరాలీ 1782 డిసెంబరు 7న కన్ను మూసింది చిత్తూరు పక్కనున్న నరసింగరాయనిపేటలో, దండు మధ్యలోనే. అన్ని సైన్యాలు తొక్కిన నేల మీద తుపాకి లేని పాలెం ఎలా ఉంటుంది?

1801లో ఆర్కాటు నవాబు రాజ్యం కంపెనీ చేతికి పోయింది. కొత్త దొరలు కావలి రుసుములు తమవన్నారు, బంట్లను తీసెయ్యమన్నారు. చిత్తూరు పాలెగాళ్లు 1804లో తిరగబడ్డారు. మరుసటేటికి కంపెనీ సైన్యం గట్లెక్కి కోటల్ని పట్టుకుంది. దానికి ముందే, 1800లో, పడమటి దిక్కున మదనపల్లె, వాయల్పాడు సీమలు నిజాం దగ్గర నుంచి దత్తమండలాల్లో భాగంగా కంపెనీకి దక్కాయి. అక్కడ థామస్ మన్రో 1807 దాకా ప్రిన్సిపల్ కలెక్టరు. దత్తమండలాలు మొత్తమ్మీద ఎనభై మంది పాలెగాళ్లున్నారని ఆయన లెక్క. కొందరికి పింఛను కట్టాడు, కొందర్ని తరిమాడు, చెప్పినమాట వినని వాళ్ల కోటల్ని కూలగొట్టించాడు. వాళ్ల బంట్లలో చాలామందిని సేద్యానికి మళ్లించాడు. మన్రోను మనవాళ్లు రైతువారీ పద్ధతి పెట్టిన మహానుభావుడని తలుచుకుంటారు. ఈ సీమ చేతిలోంచి ఆయుధం తీసేసిన పని కూడా ఆయన హయాంలోదే.

ఇక్కడొకటి గమనించాలి. ఆ బంటుకు తుపాకి రోజువారీ పని. ఒత్తి తుపాకిలో మందు పోయాలి, గుండు వెయ్యాలి, ఇనుప కడ్డీతో దట్టించాలి, పళ్లెంలో పొడి మందు చల్లాలి, ఒత్తి ఆరిపోకుండా ఊదుకుంటూ ఉండాలి. వాన పడితే అంతా వృథా. ఇన్ని పనులూ ఎదుటివాడు మీదికి వస్తున్నప్పుడు చెయ్యాలి. రోజూ చేసేవాడికే అది ఆయుధం. ఎప్పుడో ఒకసారి పట్టుకునేవాడికి అంతకన్నా కర్ర మేలు. పాలెగాడు బంటుకు మాన్యం ఇచ్చింది ఆ చేతి అలవాటు చూసి. కోటగదిలో ఎన్ని తుపాకులున్నా, పట్టే చెయ్యి లేకపోతే అవి వట్టి ఇనుము.

1857 తర్వాత సర్కారుకు భయం పట్టుకుంది. 1860లో ఆయుధాలకొక చట్టం తెచ్చారు. 1878లో లార్డ్ లిట్టన్ కాలంలో వచ్చిన చట్టం దేశం మొత్తాన్నీ కట్టిపడేసింది. దేశీయ పత్రికల నోరు నొక్కిన ఏడు కూడా అదే. ఇకపై లైసెన్సు లేనిదే తుపాకి ఉండకూడదు. తెల్లవాళ్లకు ఆ బాధ లేదు. మన జమీందార్లలో, బిరుదులున్నవాళ్లలో కొందరికి మినహాయింపులు దొరికాయి. మిగతా జనం అర్జీ పెట్టుకోవాల్సిందే. ఈ చట్టం మన పెద్దల్ని ఎంత నొప్పించిందంటే, 1931లో కరాచీ కాంగ్రెస్ పౌరుల ప్రాథమిక హక్కుల తీర్మానం చేసినప్పుడు నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కును కూడా ఆ పట్టికలో చేర్చింది. స్వరాజ్యం వచ్చాక రాసుకున్న రాజ్యాంగంలో దానికి చోటు దక్కలేదు.

1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా పుట్టేనాటికి ఇక్కడి తుపాకులు రెండు రకాల ఇళ్లలో ఉండేవి. ఒకటి జమీందారీ ఇళ్లు: కాళహస్తి, కార్వేటినగరం, పుంగనూరు. రెండోది గట్టు కింద సేద్యం చేసే రైతు ఇల్లు. వేరుశనక్కాయలు, రాగులు, చెరకు ఏది వేసినా రాత్రికి అడవిపందులు దిగుతాయి. ఆ రైతుకు నోటి నుంచి మందు దట్టించే నాటు తుపాకి పంట కాపలా కోసం దొరికేది. మంచె మీద పడుకుని తెల్లవార్లూ డబ్బా కొట్టి, అప్పుడప్పుడు ఒక గుండు పేల్చేవాడు. 1882 మద్రాసు అటవీ చట్టంతో కొండలు రిజర్వు అయ్యాక తుపాకి పట్టుకుని గట్టెక్కడం కూడా అనుమతితో ముడిపడింది. ఇంట్లో ఎన్ని తుపాకులున్నాయి, ఎవరి పేరున ఉన్నాయి, ఎన్ని తూటాలున్నాయి అన్నవే సర్కారు అడిగే ప్రశ్నలు. పట్టేవాడికి కాల్చడం వచ్చా అన్నది వాళ్ల పుస్తకంలో లేని ప్రశ్న.

కాల్చడం వచ్చినవాడి కథ కావాలంటే చామల అడవికి పోవాలి. భాకరాపేట, నాగపట్ల, రంగంపేట నడుమనున్న ఆ లోయలో పెద్దపులి మనుషుల్ని తిన్న కథను బెంగళూరు వేటగాడు కెన్నెత్ అండర్సన్ రాశాడు. అది 1954లో వచ్చిన 'నైన్ మ్యానీటర్స్ అండ్ వన్ రోగ్' పుస్తకంలో ఉంది. రేణిగుంట - కోడూరు రైలుదారిలో ఉండే మామండూరు పులి కథ కూడా ఆయన రాసిందే. ఇప్పుడు శ్రీవారి భక్తులు కారు అద్దాల్లోంచి చూసే ఈ శేషాచలం అడవులే అవి. అండర్సన్ చేతిలో ఉండేది .405 వించెస్టర్ రైఫిల్. ఆయన కథలు చదివితే తుపాకి గురించిన మాటలు తక్కువ, నేల మీది అడుగుజాడలు, గాలివాటం, మంచె మీద రాత్రంతా కదలకుండా కూర్చోవడం గురించిన మాటలు ఎక్కువ. పులిని చంపేది ఆఖరి అరనిమిషం పని. మిగతాదంతా అలవాటు. 1972లో వన్యప్రాణి చట్టం రావడంతో ఆ వేటకు తెరపడింది. అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపు ఉండే లైసెన్సుదారులు తమ తుపాకిని అటవీశాఖ దగ్గర కూడా నమోదు చేయించుకోవాలని ఆ చట్టం చెప్పింది. మా జిల్లాలో గట్టు కింది తుపాకికి ఇద్దరు లెక్కరాయుళ్లు తయారయ్యారు.

మా మామ తుపాకి ఆ కాలానిదే. పన్నెండు బోరు, జోడు గొట్టాలు, లైసెన్సు భాషలో డి.బి.బి.ఎల్. నేను కాపురానికొచ్చిన కొత్తలో దాన్ని శుభ్రం చేసే పని మా అత్తది. మామ చేతులు కట్టుకుని పక్కన కూర్చునేవాడు. ఆమె పీట మీద కూర్చుని తుపాకిని ఒళ్లో అడ్డంగా పెట్టుకునేది. బొటనవేలితో పైమీట పక్కకు తోస్తే తుపాకి నడుము దగ్గర విరిగినట్టు వంగేది. ముందు రెండు గొట్టాలనూ వెలుతురుకు పట్టి కన్ను పెట్టి చూసేది, లోపల తూటా లేదని. తర్వాత పాత పంచె పేలిక కడ్డీకి చుట్టి నూనెలో ముంచి గొట్టంలో పోనిచ్చేది. పేలిక నల్లగా వస్తే ఇంకొకటి. తెల్లగా వచ్చేదాకా వదిలేది కాదు. అప్పటి తూటాలకు కింద ఇత్తడి, పైన దళసరి కాగితం. వానాకాలం చెమ్మకు కాగితం ఉబ్బి గొట్టంలోకి దిగేవి కావు. మామ వాటిని ట్రంకుపెట్టెలో పెడితే ఆమె తీసి బియ్యం నింపిన టిన్నులో పెట్టి మూత బిగించేది. పంట మీదికి పందులొచ్చిన రాత్రి తుపాకి పేలిందంటే అది మామ గొప్ప. అది తడబడకుండా పేలిందంటే మా అత్త గొప్ప. లైసెన్సు పుస్తకంలో ఆమె ఊసే లేదు.

మామ పోయాక ఆ తుపాకి ఇంట్లో ఉండటానికి వీల్లేకపోయింది. లైసెన్సుదారు చనిపోతే వారసులు దాన్ని పోలీసు స్టేషన్లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో జమ చెయ్యాలి. వారసుల్లో ఒకరు తమ పేరున లైసెన్సు తెచ్చుకున్నాకే మళ్లీ ఇంటికొస్తుంది. ఎవరి పేరున అన్న మాట వచ్చినప్పుడు అందరూ మా ఆయన వైపు చూశారు. తుపాకి గురించి అందరికన్నా ఎక్కువ తెలిసిన మనిషి అదే గదిలో మూల కూర్చునుంది. ఆమె వైపు ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు. అప్పటికి అది మాకెవరికీ తోచే సంగతి కాదు. ఇలాంటి ఇళ్లు మా పక్క చాలా ఉన్నాయి. కొడుకులు ఊళ్లో లేని ఇంట్లో ముసలాయన పోతే తుపాకి జమ అవుతుంది, తర్వాత అమ్ముడవుతుంది. తోటింట్లో మిగిలిన ముసలామెకు కుక్క, టార్చిలైటు మిగులుతాయి.

ఇప్పుడు నడుస్తున్న ఆయుధ చట్టం 1959 నాటిది, అమల్లోకి వచ్చింది 1962లో. ఇరవై అంగుళాలకు తగ్గని గొట్టమున్న నున్నని బోరు తుపాకిని ప్రాణరక్షణకో ఆటకో అడిగినవాళ్లకు, మందు దట్టించే తుపాకిని పంట కాపలాకు అడిగినవాళ్లకు అడ్డంకి లేకపోతే లైసెన్సు ఇవ్వాలని ఆ చట్టంలోనే ఉంది. పిస్టలు, రివాల్వరు సంగతి వేరు. వాటికి గట్టి కారణం చూపించాలి. 9 ఎంఎం, .38 లాంటి సైన్యం, పోలీసుల తూటాలు మామూలు మనిషికి నిషిద్ధ బోరు. అందువల్ల మన దేశంలో చేతితుపాకి అంటే అధికభాగం .32 బోరే. 1980ల నడుమ విదేశీ తుపాకుల దిగుమతి ఆగిపోయింది. దాంతో అంతకు ముందే వచ్చిన పాత వెబ్లీ, స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్ల ధరలు ఆకాశానికెక్కాయి. అప్పట్లో కొత్తవి కావాలంటే సర్కారు కర్మాగారాలే దిక్కయ్యాయి. కాన్పూరు నుంచి వెబ్లీ నమూనా మీద చేసిన .32 రివాల్వరు, బెంగాల్ నుంచి .32 పిస్టలు.

ఆ కరువు కాలంలోనే మా పక్క రివాల్వరుకు కొత్త అర్థం వచ్చింది. పంచె కట్టి బుల్లెట్ బండి మీద వచ్చే పెద్దమనిషి నడుముకు తోలు సంచి కనబడిందంటే అది ప్రాణరక్షణ కన్నా పరపతి. కాంట్రాక్టరు, క్వారీ యజమాని, మాజీ సర్పంచి ఎవరైనా సరే, రివాల్వరు ఉందంటే మాటకు బరువు పెరిగేది. వాళ్లు దాన్ని ఎన్నిసార్లు కాల్చారని అడిగితే పెళ్లి ఫొటోల్లో కనబడినన్నిసార్లు కూడా కాల్చి ఉండరు. తూటాలు లెక్క ప్రకారం దొరుకుతాయి. ఒకసారికి ఎన్ని, ఏడాదికి ఎన్ని అన్నది లైసెన్సులోనే ఉంటుంది. కాల్చి నేర్చుకునే మైదానం దగ్గర్లో ఉండదు. ఇక ఎన్నికల కోడ్ వచ్చిందంటే తుపాకి తీసుకెళ్లి స్టేషన్లో ఇచ్చి రసీదు తెచ్చుకోవాలి. ఊళ్లో వాతావరణం ఎప్పుడు వేడెక్కుతుందో అప్పుడే అది ఇంట్లో ఉండదు. సర్కారు చేసిందే సబబు. కాని ఆ రసీదు చూస్తే ఈ వస్తువు ఎవరి దయ మీద మన ఇంట్లో ఉందో తెలిసొస్తుంది.

ఆడవాళ్ల కోసం తుపాకి అన్న మాట మొదటిసారి గట్టిగా వినబడింది 2014 జనవరిలో. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో జరిగిన ఘోరం తర్వాత కాన్పూరు ప్రభుత్వ కర్మాగారం 'నిర్భీక్' పేరున ఒక .32 రివాల్వరు అమ్మకానికి పెట్టింది. టైటానియం మిశ్రలోహం, ఆరు తూటాలు, బరువు అరకిలో. మామూలు .32 రివాల్వరు ముప్పావు కిలో ఉంటుంది. ధర లక్షా 22 వేల 360 రూపాయలు. నగల పెట్టెలాంటి డబ్బాలో పెట్టిచ్చారు. అప్పటి విమర్శ అంతా ధర మీద నడిచింది, ఇంత పెట్టి కొనగలిగే ఆడవాళ్లు ఎందరని. నాకు తోచిన అభ్యంతరం ఆ డబ్బా మీద. దాన్ని చూస్తే కొనేవాడు మొగుడనీ, పుచ్చుకునేది పెళ్లామనీ ముందే తేల్చుకున్నట్టుంది.

మా ఆయన ఫోనులో చూపించిన మొదటి బొమ్మ అదే. "తేలిగ్గా ఉంటుంది, నీ చేతికి బాగుంటుంది" అన్నారు. ఇక్కడే చాలామంది మొగుళ్లు దారి తప్పుతారు. తుపాకి ఎంత తేలికైతే పేలినప్పుడు అంతగా వెనక్కి తంతుంది. బరువున్న ఇనుము ఆ దెబ్బను తాను మింగుతుంది, తేలికది మన మణికట్టుకు వదిలేస్తుంది. .32 తూటా పెద్ద దెబ్బ కాదన్నమాట నిజమే. కాని అరుదుగా కాల్చే చెయ్యి మొదటి దెబ్బకే బెదిరి, రెండోసారి ట్రిగ్గర్ లాగేముందే కళ్లు మూసుకుంటుంది. సంచిలో మోయడానికి తేలికది సుఖం, కాల్చడానికి బరువుది సుఖం. ఏడాదికోసారి కాల్చే మనిషి ఆ రెండింటిలో దేన్ని ఎంచుకోవాలి?

పిస్టలు కన్నా రివాల్వరు మేలన్నది పాతకాలం సలహా. అందులో పస ఉంది. పిస్టలుకు పైభాగం గట్టిగా వెనక్కి లాగాలి, దానికి వేళ్లలో బలం కావాలి. సేఫ్టీ మీట తీశామా లేదా గుర్తుండాలి. తూటా ఇరుక్కుంటే తీసే విద్య తెలియాలి. రివాల్వరుకు ఈ బాధల్లేవు. ఒక తూటా పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ లాగడమే, చక్రం తిరిగి తర్వాతది వస్తుంది. అయితే వెనకనుండే గుర్రాన్ని (హ్యామరును) బొటనవేలితో ముందే వెనక్కి లాగకుండా నేరుగా ట్రిగ్గర్ లాగితే అది చాలా బిగువు, దూరం కూడా ఎక్కువ. ఆ లాగుడులోనే తుపాకి మొన పక్కకు పోతుంది. నాలుగైదు మీటర్లలో ఉన్న గోడకు కూడా గురి తప్పవచ్చంటే నవ్వొస్తుంది గానీ, చీకట్లో, గుండె దడదడలాడుతుంటే జరిగేది అదే. మా వయసులో కంటిచూపు సంగతి వేరే చెప్పక్కర్లేదు.

దాచడం ఇంకో చిక్కు. సెలవులకు మనవలొస్తారు. వాళ్లు తీయని సొరుగు, ఎక్కని అటక లేదు. కాబట్టి తుపాకి తాళంలో ఉండాలి, తూటాలు ఇంకోచోట ఉండాలి, తాళంచెవి నా దగ్గరుండాలి. రాత్రి రెండు గంటలకు కుక్క అరిస్తే కళ్లజోడు, తాళంచెవి, తుపాకి, తూటాలు వరసగా వెతుక్కోవాలి. ఈ నాలుగూ చీకట్లో కుదరాలంటే వారం వారం చేసి చూసుకుంటూ ఉండాలి. అదే పాలెగాడి బంటు చేసిన పని.

ఆ అలవాటు లేని చేతికి తుపాకి ఎందుకు అక్కరకు రాదో చిత్తూరులో జరిగిన ఒక ఘోరం చెప్తుంది. 2015 నవంబరు 17న చిత్తూరు నగర మేయరు కఠారి అనురాధను పట్టపగలు మున్సిపల్ ఆఫీసులో, ఆమె గదిలోనే కాల్చి చంపారు. బురఖాల్లో లోపలికి వచ్చారు. అక్కడే ఉన్న ఆమె భర్త కఠారి మోహన్ మీద కత్తులతో పడ్డారు, ఆయనా బతకలేదు. జిల్లా అంతా చాలాకాలం అదే మాట్లాడుకుంది. తర్వాత మగవాళ్లు కూర్చున్న ప్రతి అరుగు మీదా రివాల్వరు లైసెన్సుల మాట వినబడింది. నాకు మాత్రం దాంట్లోంచి వేరే సంగతి అర్థమైంది. చంపడానికి వచ్చినవాడు వేళను, వేషాన్ని తానే ఎంచుకుని వస్తాడు. ఎదుటి మనిషికి సొరుగు తెరిచే సమయం కూడా ఉండదు. చేతితుపాకి ఆదుకునేది దాన్ని అనుక్షణం ఒంటి మీద ఉంచుకుని, తలవకుండానే చేతిలోకి తీసుకోగలిగే మనిషిని. తెలంగాణ సాయుధ పోరాటంలో మల్లు స్వరాజ్యం తుపాకి పట్టిందంటే, దళంతో అడవిలో తిరిగింది, ఆయుధంతో పడుకుంది, ఆయుధంతో లేచింది. నిజాం సర్కారు ఆమె తలకు పదివేల వెల కట్టింది ఆ చేతిని చూసి. వంటింటి మనిషికి పుట్టినరోజు కానుకగా రివాల్వరు ఇస్తే ఆ అలవాటు రాదు.

తోటింటికి నిజంగా వచ్చే భయాలేమిటని లెక్క వేసుకున్నాను. మొదటిది పందులు. రెండోది, కుప్పం, పలమనేరు వైపు నుంచి మెల్లగా ఇటు జరుగుతున్న ఏనుగులు. 1980లలో పొరుగు రాష్ట్రాల నుంచి వచ్చి నిలిచిపోయాయి, వాటి కోసమే 1990లో కౌండిన్య అభయారణ్యం పెట్టారు. ఏనుగు ముందు .32 తూటా ఎందుకూ కొరగాదు. మూడోది చిరుత. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఒక పసిపిల్లను చిరుత పొట్టన పెట్టుకుంటే, ఆ తర్వాత టీటీడీ నడిచివెళ్లే భక్తుల చేతికి కర్రలిచ్చింది. నలుగురూ నవ్వారు గానీ, చేతిలో కర్ర ఉన్న మనిషి గుంపులో, చప్పుడు చేస్తూ, కళ్లు తెరుచుకుని నడుస్తాడు. కాపాడేది చాలావరకు అదే. నాలుగోది దొంగ. ఇంట్లో మనిషి మేలుకుని ఉందనీ, ఇది తుపాకి ఇల్లనీ తెలిస్తే వాడు గేటు దగ్గరే ఆగుతాడు. ఈ నాలుగింటిలో ఏ ఒక్కదానికీ హ్యాండ్‌బ్యాగు రివాల్వరు మందు కాదు.

చట్టాన్ని చదివితే ఇంకొకటి తేలింది. మొగుడి లైసెన్సు మీద పెళ్లాం తుపాకి వాడటానికి లేదు. ఆయన రాసిచ్చిన కాగితంతో రిపేరుకో రెన్యూవల్‌కో మోసుకుపోవచ్చు, అంతే. ఆయన వేలూరులో ఉండగా నేను బీరువా తెరిచి ఆ జోడు గొట్టాలు పట్టుకుంటే చట్టం కళ్లకు నేను లైసెన్సు లేని మనిషిని. మరోవైపు 2016 ఆయుధ నిబంధనల్లో ఒక మంచి దారి ఉంది. లైసెన్సుదారుకు డెబ్బై ఏళ్లు నిండినా, తుపాకి తన దగ్గర ఇరవై ఐదేళ్లుగా ఉన్నా, బతికుండగానే తాను ఎంచుకున్న వారసుల పేరు మీదికి మార్పించవచ్చు. ఆ వారసుల్లో కొడుకు ఉన్నట్టే భార్య కూడా ఉంది, కూతురు ఉంది, కోడలు కూడా ఉంది. అదే నిబంధనలు కొత్తగా లైసెన్సు అడిగేవాళ్లు ఆయుధం పట్టడంలో శిక్షణ పొంది ఉండాలని కూడా చెప్పాయి. 1878 నుంచి అడగని ప్రశ్నను సర్కారు చివరికి అడిగింది. 2019 సవరణ ఒక మనిషికి మూడు తుపాకులకు బదులు రెండేనంది, మూడేళ్ల లైసెన్సును ఐదేళ్లు చేసింది. రెండో తుపాకి కొనేముందు మొదటిది ఎవరికి పనికొస్తుందో చూసుకోవడం తెలివైన పని.

మా ఆయనకు డెబ్బై దాటాయి. నేను చెప్పింది ఇది: రివాల్వరు వద్దు, అత్త తుడిచిన తుపాకి నా పేరున రాయించండి. అది పొడుగు, దాచిపెట్టలేను. మంచిదే, దాచాల్సిన పని లేదు. భుజానికి ఆన్చి పట్టుకుంటే గురి కుదురుతుంది. అరుదుగా కాల్చే చేతికి రివాల్వరు కన్నా అదే నమ్మకం. ముందు శిక్షణ పూర్తి చేసి సర్టిఫికెట్ తెచ్చుకుంటాను, తర్వాతే అర్జీ. శిక్షణలో నా చెయ్యి కుదరదని తేలితే అర్జీయే పెట్టను, తుపాకిని డీలరుకు ఇచ్చేసి ఆ డబ్బుతో తోట చుట్టూ లైట్లు వేయిస్తాను. ఆయన కొంతసేపు గొణిగారు. నిర్భీక్ మీద మనసు పడ్డారు పాపం. "జోడు గొట్టాల తుపాకి ఆడమనిషి పేరునంటే ఊళ్లో ఏమనుకుంటారు మే?" అన్నారు. ఊళ్లో ఏమనుకోవాలో అదే అనుకోనీ అన్నాను. తోటింట్లో ఒంటరిగా ఉన్న ఆడమనిషికి లైసెన్సుందని, కాల్చడం నేర్చుకుందని ఊరంతా చెప్పుకోవడం కన్నా మంచి కాపలా నాకు ఇంకేముంది?